డిఫెండర్ చరిత్రకు ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ ఎంతవరకు సరిపోతుంది?
ఫుట్‌బాల్‌లో ఒక డిఫెండర్, అంటే ప్రత్యర్థులు గోల్ కొట్టకుండా అడ్డుకునే ఆటగాడు, ఏ లీగ్ నుంచి ఏ లీగ్‌కు, ఎప్పుడు, ఎంతకు మారాడో తెలుసుకోవడానికి 2000లో జర్మనీలో మొదలైన ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ వెబ్‌సైట్‌ను మించినది నాకు కనిపించలేదు. డచ్ డిఫెండర్ వర్జిల్ వాన్ డైక్ పేజీనే తీసుకుంటే, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నుంచి 2013లో స్కాట్లండ్ జట్టు సెల్టిక్‌కు, 2015లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌కు, 2018 జనవరిలో లివర్‌పూల్‌కు చేరిన క్రమమంతా ఒక్క పట్టికలో ఇమిడిపోయింది. గాయాల విభాగం మరీ ఉపయోగకరం. 2020 అక్టోబరులో ఎవర్టన్‌పై ఆడుతూ మోకాలి లిగమెంట్ దెబ్బతిన్నాక అతడు ఆ సీజన్‌కే దూరమైన సంగతి తెలియకపోతే, ఆ ఏడాది అంకెలు అర్థం కావు.

ఆటగాడి పేజీలో చూపే మార్కెట్ విలువ మాత్రం సైట్ సభ్యుల చర్చల్లోంచి తేలిన అంచనాయే తప్ప, క్లబ్బులు చెల్లించిన ధర కాదు.

అసలు చిక్కు ఆట దగ్గరే వస్తుంది. 2019 మార్చిలో లివర్‌పూల్‌పై ఆడుతూ టోటెనమ్ ఆటగాళ్లు సిస్సోకో, సన్ ఇద్దరూ ఒక్కసారిగా దూసుకొచ్చినప్పుడు, వాన్ డైక్ బంతి మీదికి ఎగబడకుండా, సన్‌కు పాస్ వెళ్లే దారిని మూసి ఉంచుతూ వెనక్కి జరిగి, సిస్సోకో తనకు అలవాటు లేని ఎడమ కాలితో కొట్టేలా చేశాడు. బంతి గోల్ పైనుంచి పోయింది. గోల్స్, కార్డులు, ఆడిన నిమిషాలు లెక్కపెట్టే పట్టికలో దీనికి గడే లేదు. కాబట్టి వీడియోలను పక్కన పెట్టుకుని చూసేవారికే ఈ సైట్‌ను సిఫారసు చేస్తాను. గోల్స్ కొట్టడమే పనిగా ఉన్న ఫార్వర్డ్‌ల విషయంలో ఇంత ఇబ్బంది ఉండదు.