చిరిగిన సైడ్ బ్యాగ్‌కి కుట్టు మేలా, అతుకు మేలా?

నా బైక్ కుడివైపు బ్యాగ్‌కి ఒకేసారి రెండు దెబ్బలు తగిలాయి. ముందు పై పట్టీ దగ్గర కుట్లు వదులయ్యాయి. దాంతో బ్యాగ్ కిందికి జారి సైలెన్సర్‌కి ఆనుకుంది. వెనక నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంటే ఆగి చూశాను. అడుగున అరచేయంత మేర గుడ్డ కరిగి, అంచులు నల్లగా గాజుపెంకులా గట్టిపడ్డాయి.

ఇంటికొచ్చాక తొందరలో చేసింది పూర్తిగా తలకిందుల పని. రంధ్రానికి గుడ్డ వేసి కుట్టాను, పట్టీని జిగురుతో అతికించాను. వారం తిరక్కుండానే రెండూ ఊడిపోయాయి. విప్పేసి, ఈసారి రంధ్రాన్ని అతికించి పట్టీని కుట్టాను. అవి ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. అందుకే ‘కుట్టాలా, అతికించాలా’ అని ఎవరైనా అడిగితే ముందు ఎక్కడ చిరిగిందో చెప్పమంటాను.

పట్టీ మీద పడేది లాగుడు. గుంత వచ్చిన ప్రతిసారీ లోపలి బరువంతా దాన్ని ఒక అంచు నుంచి ఒలిచేసేలా గుంజుతుంది. జిగురు అడ్డంగా జారే బలాన్ని బాగానే ఆపుతుంది కానీ, ఒలిచే బలానికి తేలిగ్గా లొంగిపోతుంది. అక్కడ దారమే దిక్కు. అడుగు గుడ్డ సంగతి వేరు. అక్కడ సూది గుచ్చిన ప్రతి చోటా కొత్త రంధ్రమే. కరిగి పెళుసైన అంచు మీద వరసగా రంధ్రాలు పొడిస్తే తపాలా బిళ్ల చిల్లుల వెంట చిరిగినట్టే చిరుగుతుంది. పైగా అదే దారిలో వాన నీళ్లు లోపలికి వస్తాయి.

పట్టీ కుట్టేటప్పుడు మామూలు నూలు దారం వాడొద్దు, తడిసి తడిసి పుచ్చిపోతుంది. మైనం పూసిన పాలియెస్టర్ దారం మంచిది. పాత దారం ముక్కలన్నీ తీసేసి, వీలైనంత వరకు పాత రంధ్రాల్లోంచే కుట్టండి. బ్యాగ్ లోపలి వైపు గట్టి గుడ్డ ముక్క ఒకటి ఆసరాగా పెట్టి, చతురస్రంలా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేస్తే బరువు ఒకే గీత మీద పడదు.

మిషన్ కుట్టా, చేతి కుట్టా అంటే పట్టీకి నా ఓటు చేతి కుట్టుకే. మిషన్ కుట్టులో పై దారం, కింది దారం మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒక చోట తెగితే ఆ వరస అంతా మెల్లగా వదులవుతుంది. ఒకే దారం రెండు కొసలకూ రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోంచీ రెండు వైపులా దూర్చి కుడితే ఒక చోట తెగినా మిగతా కుట్లు పట్టుకునే ఉంటాయి. దబ్బనంతో గంటసేపు కూర్చోవాలి, వేళ్లు నొప్పి పుడతాయి. అయినా ఆ గంట దండగ కాదు. చివర్లో లోపలి నుంచి కుట్టు మీద సీమ్ సీలర్ (కుట్టు రంధ్రాల్లోంచి నీళ్లు రాకుండా మూసే జిగురు లాంటి ద్రవం) రాయడం మరిచిపోవద్దు.

రంధ్రం అతికించేటప్పుడు పని అంతా శుభ్రం చేయడంలోనే ఉంది. కరిగిన అంచును మెత్తటి గుడ్డ తగిలే దాకా కత్తిరించండి. స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. అతుకు చుట్టూ కనీసం 3 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి, మూలలు గుండ్రంగా కోయాలి. కోసుగా వదిలిన మూల నుంచే అతుకు లేవడం మొదలవుతుంది. పీవీసీ పూత ఉన్న గుడ్డకి వినైల్ జిగురు, టీపీయూ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) పూతకి పాలీయురిథేన్ జిగురు సరిపడతాయి. సూపర్ గ్లూ మాత్రం వద్దు, అది ఆరాక పెళుసవుతుంది, గుడ్డ వంగిన చోటల్లా చిట్లుతుంది. అతికించాక 24 గంటలు బరువు పెట్టకుండా వదిలేయండి.

తోలు బ్యాగ్‌కి రెండూ కావాలి. జిగురు ముక్కను కదలకుండా పట్టుకుంటే, కుట్టు బరువు మోస్తుంది. తడిస్తే నీడలోనే ఆరబెట్టండి. ఎండలోనో హీటర్ ముందో పెడితే బిరుసెక్కి మడత దగ్గర చీలుతుంది.

ప్లాస్టిక్ పెట్టె పగిలితే ముందు మూత లోపలి వైపు చూడండి, చాలా పెట్టెల మీద ఏ ప్లాస్టిక్కో అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ అయితే అసిటోన్ పేస్ట్, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) రెండూ పనిచేస్తాయి. సన్నటి పగులుకి నేను పేస్టే ఎంచుకుంటాను. ఏబీఎస్ ముక్కలను అసిటోన్‌లో కరిగించి పూస్తే పాత ప్లాస్టిక్ కూడా కొంచెం కరిగి రెండూ ఒకటవుతాయి. ముక్క ఊడిపోయినా, బోల్టు దగ్గర విరిగినా గ్లాస్ ఫైబర్ గుడ్డతో ఎపాక్సీ మేలు. ఏది వాడినా ముందు పగులు కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఆరుబయట, మంటకు దూరంగా చేయండి. పాలీప్రొపిలీన్ అయితే ఈ రెండూ సరిగా అంటవు, అదే రకం రాడ్‌తో వేడి వెల్డింగ్ చేయించాలి. పాలీకార్బొనేట్‌కి అసిటోన్ తగిలితే ఉన్న పగులుకి తోడు కొత్తవి వస్తాయి.

మళ్లీ కాలకుండా ఉండాలంటే హీట్ షీల్డా (సైలెన్సర్ వేడిని అడ్డుకునే రేకు), బ్యాగ్ స్టేనా (బ్యాగ్‌ని ఎడంగా పట్టి ఉంచే లోహపు కమ్మీ)? సందేహం లేకుండా స్టేనే. బ్యాగుల గుడ్డకి వాడే నైలాన్ 6 కరిగేది సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఏబీఎస్ 105 దగ్గరే మెత్తబడుతుంది. షీల్డ్ ఉన్నా గుడ్డ దానికి ఆనుకుంటే వేడి ఎక్కుతూనే ఉంటుంది. స్టే అయితే బ్యాగ్‌ని అసలు దగ్గరికే రానివ్వదు, చక్రం వైపు కూడా ఊగనివ్వదు. బ్యాగులు నింపి, ఒకరిని సీటు మీద కూర్చోబెట్టి వెనక భాగాన్ని కిందికి నొక్కి చూడండి. షాక్ అబ్జార్బర్లు అణిగినప్పుడు ఎంత సందు మిగులుతుందో అదే అసలు సందు. రెండు వైపులా బరువు సమానంగా సర్దండి. వేలాడే పట్టీ కొసలను మడిచి కట్టేయండి. అవి చెయిన్‌లోనో చక్రంలోనో చుట్టుకుంటే పోయేది బ్యాగ్ ఒక్కటే కాదు, వెనక చక్రం బిగుసుకుని మనిషి పడిపోతాడు.

వానకి పైన కవర్ కన్నా లోపల మూతి చుట్టి మూసే వాటర్‌ప్రూఫ్ సంచి మేలు. పై కవర్ గాలికి కొట్టుకుంటుంది, దాని కింద చేరిన ఇసుక బ్యాగ్‌ని గరుకు కాగితంలా అరగదీస్తుంది. బ్యాగ్ ఆనే చోట బైక్ పెయింట్ మీద కూడా పారదర్శక ఫిల్మ్ అంటించి, ప్రతి ప్రయాణానికీ ముందు దుమ్ము తుడవండి.

లోపలి పూత జిగటగా మారి పొరలు పొరలుగా లేస్తుంటే మాత్రం అతుకు జోలికి వెళ్లొద్దు. జిగురు పట్టుకునేది ఆ పూతనే, అదే గుడ్డను వదిలేస్తోంది. అలాంటి బ్యాగ్ నుంచి బకిళ్లు, మంచి పట్టీలు కోసి దాచుకోండి, తరువాతి బ్యాగ్ రిపేరుకి పనికొస్తాయి.