డ్రోన్ దాడి నుంచి రోడ్డుకు రక్షణ: జామరా, వలా?

ఉక్రెయిన్‌లో సరుకుల బండ్లకు, అంబులెన్సులకు ఇప్పుడు పెద్ద గండం పేలుడు పదార్థంతో దూసుకొచ్చే చిన్న ఎఫ్‌పీవీ డ్రోన్లు, అంటే డ్రోన్ కెమెరా బొమ్మ చూస్తూ దూరం నుంచి నడిపేవి. అడ్డుకునే దారుల్లో ముఖ్యమైనవి రెండు: డ్రోన్‌ను నడిపే రేడియో సంకేతాలను చెదరగొట్టే జామర్, రోడ్డును కప్పే వల.

ఖర్చు: జామర్ ఖరీదైన ఎలక్ట్రానిక్ పరికరం. వల చవక, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ జాలర్లు వాడి పక్కనపెట్టిన వలలు కూడా ఉక్రెయిన్‌కు చేరాయి.

శ్రమ: జామర్‌ను బండిపై బిగించి కరెంటు ఇస్తే చాలు. వలకు రోడ్డు పొడవునా స్తంభాలు పాతాలి, పైనా పక్కలా మూయాలి. గాలికి, మంచు బరువుకు, మంటకు చిరుగుతుంది. ఒక్క చిరుగు చాలు, డ్రోన్ దూరిపోతుంది. రోజూ తిరిగి చూసి కుట్టే మనుషులు లేకపోతే ఆ వలను నమ్మి బండి నడపకూడదు.

ముప్పు: జామర్ తనకు తెలిసిన ఫ్రీక్వెన్సీలనే అడ్డుకుంటుంది. ఎదుటివాళ్లు ఫ్రీక్వెన్సీ మారిస్తే పనికిరాదు. సొంత డ్రోన్లనూ పడగొట్టవచ్చు. 2024 నుంచి కనిపిస్తున్న ఫైబర్ ఆప్టిక్ డ్రోన్లకు రేడియో లింకే లేదు, సన్నని తీగ మీదే కెమెరా బొమ్మా ఆదేశాలూ నడుస్తాయి. వాటి ముందు జామర్ ఉన్నా లేనట్టే.

ఎప్పుడూ దారి మార్చే బండికి జామర్. ఆసుపత్రికో ఊరికో వెళ్లే ఒకే రోడ్డుకు వల. ఫైబర్ డ్రోన్లు తిరిగే చోట మాత్రం ముందు వలే వేయాలి.