యాపిల్ ఇంట్లో గూగుల్ కాపురం: ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి

బెజవాడ బీసెంట్ రోడ్డులోనో గవర్నర్‌పేటలోనో ఐఫోన్ కొని, స్క్రీన్‌గార్డు వేయించుకుని ఇంటికొచ్చాక ఎక్కువమంది చేసే మొదటి పని యాప్ స్టోర్ తెరిచి గూగుల్ మ్యాప్స్, జీమెయిల్, గూగుల్ ఫొటోస్, క్రోమ్ దించుకోవడం. ఫోను ధరలోనే యాపిల్ వాళ్ల మ్యాపు, మెయిలు, ఫొటోల యాప్, బ్రౌజరు అన్నీ వచ్చాయి. వాటిని మూల పెట్టి పోటీ కంపెనీ సరుకు తెచ్చుకోవడం చూస్తే, అత్తగారింట్లో ఉంటూ పుట్టింటి నుంచి క్యారేజీ తెప్పించుకున్నట్టుంటుంది. క్యారేజీలో కొన్ని గిన్నెలు నిజంగా పనికొచ్చేవి. కొన్ని అలవాటుకొద్దీ తెచ్చుకున్నవి. బెజవాడలో వాడకానికి ఏది ఏదో చూద్దాం. కింద చెప్పిన సెట్టింగులు ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18, ఆ తర్వాతి వాటికి.

పోటీవాళ్ల యాప్ వాడుకోండని యాపిల్ తానే చెప్పిన సందర్భం ఒకటుంది. 2012 సెప్టెంబరులో ఐఓఎస్ 6తో గూగుల్ మ్యాపును తీసేసి సొంతది పెట్టింది. అది తప్పుల తడకగా ఉండటంతో పదిరోజులు తిరక్కుండానే యాపిల్ అధిపతిగా ఉన్న టిమ్ కుక్ క్షమాపణ లేఖ రాశాడు. మాది బాగుపడేదాకా బింగ్, వేజ్, గూగుల్, నోకియా లాంటివి వాడుకోండన్నాడు. డిసెంబరుకల్లా గూగుల్ మ్యాప్స్ ఐఫోన్‌లోకి తిరిగొచ్చేసింది. ఇప్పటి యాపిల్ మ్యాపు అప్పటిది కాదు. హైవే ఎక్కి హైదరాబాదో చెన్నయ్యో పోవడానికి దానితో ఇబ్బందేమీ ఉండదు. తేడా సందుల్లో కనపడుతుంది.

వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్టుకి, ఆటోనగర్‌లో లేత్ షెడ్డుకి డోరు నంబరు ఉంటుంది. కానీ రెండు హైఫన్లున్న ఆ నంబరు పట్టుకుని ఎవరూ రారు. ‘లొకేషన్ పెట్టండి’ అంటారు. కొట్టాయన గూగుల్‌లో పైసా ఖర్చు లేకుండా తన షాపు పెట్టుకుని, టైమింగులు, ఫోటోలు ఎక్కించి, ఆ లింకే అందరికీ పంపుతాడు. షాపుల వాళ్లు వివరాలు పెట్టుకునే సదుపాయం యాపిల్ కూడా 2023లో తెచ్చింది. అయితే కొట్టాయన చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను, వచ్చే బేరాల్లో ఎక్కువమంది చేతిలోదీ అదే. ఆయనకి యాపిల్‌తో పనేముంది? మ్యాపు బాగోగులు ఇంజనీర్ల చేతిలో ఉన్నంతగా ఈ కొట్టాయన చేతిలోనూ ఉన్నాయి.

రెండో కారణం బండి. గూగుల్ మ్యాప్స్‌లో టూవీలర్ మోడ్ 2017 డిసెంబరులో మన దేశంతోనే మొదలైంది. కారు పట్టని అడ్డదారి కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది, పట్టే సమయం కూడా బండి లెక్కన చెబుతుంది. యాపిల్ మ్యాపులో బండిమీద వెళ్లేవాళ్లు కారు దారితో సరిపెట్టుకోవాలి. కారు ఎక్కినప్పుడు టూవీలర్ నుంచి కారు మోడ్‌కి మార్చడం మాత్రం మరవకూడదు. యాప్ పోయినసారి వాడిన మోడ్‌నే పట్టుకుని కూర్చుంటుంది. అది చూసుకోకుండా కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందులో కారు దూరిస్తే రివర్సు తప్ప గతి లేదు. ఇరుకు రోడ్లను తప్పించే సదుపాయం గూగుల్ 2024 జులైలో ఎనిమిది నగరాలకు ప్రకటించింది. హైదరాబాద్ ఉంది గానీ ఆ జాబితాలో విజయవాడ లేదు. కాబట్టి వన్‌టౌన్‌కి కారులో పోయేటప్పుడు లేయర్స్‌లో శాటిలైట్ వ్యూ పెట్టుకుని ఆఖరి రెండు మలుపులు ముందే చూసుకోవడం మేలు.

రెండు మ్యాపులూ తడబడేచోటు ఫ్లైఓవర్. రామవరప్పాడు రింగు నుంచి వస్తూ బెంజ్ సర్కిల్ దగ్గర బందరు రోడ్డులోకి తిరగాలంటే కిందే ఉండాలి. పైకెక్కితే సర్కిల్ దాటాకే దిగడం. జీపీఎస్ చుక్క మీరు ఏ రోడ్డు మీదున్నారో చెబుతుంది గానీ, పైనున్నారో కిందున్నారో గట్టిగా తేల్చలేదు, ఎందుకంటే మ్యాపులో రెండు దారులూ ఒకదానిమీద ఒకటి ఉంటాయి. దుర్గమ్మ కొండ కింద కనకదుర్గ ఫ్లైఓవర్ దగ్గరా ఇదే తంతు. గుడికి పోయేవాళ్లు పొరపాటున ఎక్కారా, గుడి పక్కనుంచే దాటిపోతారు. ర్యాంపు రాకముందే తర్వాతి మలుపు ఎటో తెరమీద చూసుకోవాలి, వాయిస్ చెప్పేదాకా ఆగకూడదు. దసరా రోజుల్లో పోలీసులు దారి మళ్లిస్తే బారికేడ్ చెప్పిందే వేదం, మ్యాపు తర్వాత.

సిగ్నల్ లేనిచోటికి ఆఫ్‌లైన్ మ్యాపు దించుకోవాలంటే గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్, సెలెక్ట్ యువర్ ఓన్ మ్యాప్‌లోకి వెళ్లి చతురస్రాన్ని ఊరంతా పట్టేలా లాగాలి. నెట్ లేనప్పుడు దారి చూపిస్తుంది, ట్రాఫిక్ చూపించదు. ఇది ఐఓఎస్ 17 నుంచి యాపిల్ మ్యాపులోనూ ఉంది. ఇంకో చికాకు: మెసేజుల్లో అడ్రసు నొక్కితే ఐఫోన్ తన మ్యాపే తెరుస్తుంది. మన దేశంలో దాన్ని మార్చే సెట్టింగు లేదు. వాట్సాప్‌లో వచ్చిన లొకేషన్ నొక్కితే మాత్రం ఏ మ్యాపులో తెరవాలో అడుగుతుంది. అందుకే అడ్రసు రాసి పంపమనడం కన్నా వాట్సాప్‌లో లొకేషన్ పెట్టమనడం నయం. మొత్తమ్మీద మ్యాప్స్ ఉంచదగ్గదే.

జీమెయిల్ యాప్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. జీమెయిల్ ఖాతాని ఐఫోన్ మెయిల్ యాప్‌లో పెట్టుకుంటే మెయిల్ పడ్డ వెంటనే తలుపు తట్టదు, ఫోనే వెళ్లి అడిగి తెచ్చుకుంటుంది. దాన్నే ఫెచ్ అంటారు. సెట్టింగ్స్, యాప్స్, మెయిల్, మెయిల్ అకౌంట్స్, ఫెచ్ న్యూ డేటాలో ‘ఆటోమేటికల్లీ’ అని ఉంటే, ఫోను ఛార్జింగ్‌లో పెట్టి వైఫైలో ఉన్నప్పుడే వెనక నుంచి మెయిళ్లు తెస్తుంది. మెయిల్‌కి వచ్చే ఓటీపీ ఆలస్యమవుతోందని గొణిగేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. 15 నిమిషాలకి మార్చినా ఐదు నిమిషాల ఓటీపీకి అది చాలదు. జీమెయిల్ యాప్ వేసుకుంటే మెయిల్ పడగానే మోగుతుంది. అంతే తేడా, కానీ పెద్ద తేడా.

అసలు కథ ఫొటోలది. ఫొటోలూ ఫైళ్లూ నెట్‌లో దాచే ఐక్లౌడ్‌లో యాపిల్ ఊరికే ఇచ్చేది 5 జీబీ, గూగుల్ ఇచ్చేది 15 జీబీ. మూడింతలు చూసి అందరూ గూగుల్ ఫొటోస్‌కి ఎగబడతారు. ఆ 15లో జీమెయిల్, డ్రైవ్ కూడా వాటాదార్లని గుర్తుండదు. 2021 జూన్ 1కి ముందు హై క్వాలిటీ ఫొటోలు ఎన్ని పెట్టుకున్నా లెక్కలోకి రాలేదు, ఇప్పుడు ప్రతిదీ లెక్కే. ఆ 15 జీబీ నిండితే వచ్చే ముప్పు ఫొటోలు ఆగిపోవడం ఒక్కటే కాదు, మెయిళ్లు రావడం కూడా ఆగిపోవడం. పెళ్లి వీడియోలు నింపేసి బ్యాంకు మెయిళ్లు రావట్లేదంటే కారణం అక్కడ వెతకాలి. బ్యాకప్ క్వాలిటీ ‘స్టోరేజ్ సేవర్’లో పెడితే ఫొటోలు 16 మెగాపిక్సెళ్లకి, వీడియోలు 1080పీకి తగ్గుతాయి. ఇంటి అవసరాలకి అది చాలు.

ఐఫోన్‌లో బ్యాకప్ నత్తనడక నడుస్తుందనేది ఇంకో ఫిర్యాదు. ఐఓఎస్ వేరే కంపెనీ యాప్‌ని వెనక ఎక్కువసేపు పనిచేయనివ్వదు. మొదటిసారి రాత్రి ఛార్జింగ్ పెట్టి, వైఫైలో, లో పవర్ మోడ్ ఆపి, ఆటో లాక్ ‘నెవర్’ చేసి, గూగుల్ ఫొటోస్‌ని తెర మీదే వదిలేయాలి. 12 జీబీ ఫొటోలు 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద ఎక్కడానికి రెండు గంటల నలభై నిమిషాలు కనీసం పడుతుంది. కేబుల్‌వాడు చెప్పే వేగం డౌన్‌లోడ్‌ది కావచ్చు, అప్‌లోడ్ ఎంతో అడిగి లెక్కేసుకోండి. తెల్లారాక ఆటో లాక్ తిరిగి మార్చాలి. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, ఫొటోస్‌లో గూగుల్ ఫొటోస్‌కి ‘ఫుల్ యాక్సెస్’ ఇచ్చారో లేదో కూడా చూడాలి. ‘లిమిటెడ్’ ఇస్తే ఏరి ఇచ్చిన ఫొటోలే ఎక్కుతాయి, మిగతావి ఎక్కాయనే భ్రమలో ఉంటారు.

ఇక అసలైన గొయ్యి. ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉండగానే గూగుల్ ఫొటోస్‌లో ఫోన్లో చోటు ఖాళీ చేసే ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కితే, ఫోన్లో చెరిగిన ప్రతి ఫొటో ఐక్లౌడ్‌లోనూ, అదే ఖాతాలో ఉన్న ఐప్యాడ్‌లోనూ చెరిగిపోతుంది. యాపిల్ దృష్టిలో ఫోనూ ఐక్లౌడూ ఒకే అల్మారా. నొక్కేసినవాళ్లు వెంటనే యాపిల్ ఫొటోస్‌లో రీసెంట్లీ డిలీటెడ్‌కి వెళ్తే 30 రోజుల్లోపు తిరిగి తెచ్చుకోవచ్చు. రెండూ ఆన్‌లో ఉండి, ఫోన్లో చిన్న కాపీ ఉంచి అసలుది ఐక్లౌడ్‌లో దాచే ‘ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్’ పెట్టుంటే ఇంకో దండగ: అసలు ఫొటో ఐక్లౌడ్ నుంచి కిందికి దిగి, మళ్లీ గూగుల్‌కి ఎక్కుతుంది. డేటా రెండింతలు. ఎవరో ఒకర్నే నమ్ముకోండి. రెండేళ్లలో ఆండ్రాయిడ్‌కి వెళ్లే ఆలోచన ఉంటే గూగుల్, ఇంటిల్లిపాదీ ఐఫోనే అయితే ఐక్లౌడ్. ఏది పెట్టుకున్నా ఐఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ పోయేది ఐక్లౌడ్‌కే. గూగుల్‌కి ఇవ్వమంటే ఇవ్వదు. అందుకని ఫొటోలు గూగుల్‌కి ఇచ్చినవాళ్లు ఆ 5 జీబీని వాట్సాప్ కోసం ఖాళీగా ఉంచుకోవడం తెలివి.

క్రోమ్ అక్కర్లేదు. ఐఫోన్‌లో మన దేశంలో ఏ బ్రౌజరైనా లోపల తిరిగే ఇంజను యాపిల్ వెబ్‌కిట్టే, కాబట్టి క్రోమ్ వేస్తే వేగం పెరిగేదేమీ లేదు. పైగా యాపిల్ సొంత బ్రౌజరు సఫారీకి ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజరుకి తగిలించుకునే అదనపు హంగులు ఉన్నాయి, ఐఫోన్ క్రోమ్‌కి లేవు. సఫారీలో వెతికేదీ గూగుల్‌తోనే. ఆ చోటు కోసం గూగుల్ 2022లో యాపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు కట్టిందని అమెరికా కోర్టు కేసులో బయటపడింది. ఆఫీసు కంప్యూటర్లో క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డులు కావాలంటే మాత్రం క్రోమ్ వేసుకుని, సెట్టింగ్స్, జనరల్, ఆటోఫిల్ అండ్ పాస్‌వర్డ్స్‌లో దాన్ని ఆన్ చేస్తే మిగతా యాప్‌లలోనూ నిండుతాయి.

కీబోర్డు విషయంలో ఆండ్రాయిడ్‌లో గూగుల్ కీబోర్డు జీబోర్డు రుచి మరిగినవాళ్లు ఐఫోన్‌లో అదే రుచి ఉంటుందనుకోకూడదు. మైకు నొక్కితే జీబోర్డు సొంత యాప్‌లోకి ఎగిరి, మాట విని, మళ్లీ వెనక్కి రమ్మంటుంది. పాస్‌వర్డు పెట్టెలో ఐఓఎస్ తన కీబోర్డే తెస్తుంది. పైగా జీబోర్డు ‘ఫుల్ యాక్సెస్’ అడుగుతుంది, అంటే టైపు చేసింది బయటికి పంపగలిగే అనుమతి. యాపిల్ తెలుగు కీబోర్డుకి ఐఓఎస్ 18లో అక్షరమాల వరుస కూడా వచ్చింది, కొన్నాళ్లు దాన్ని చూసి అప్పుడు నిర్ణయించుకోండి. తెలుగుకీ యాపిల్‌కీ పాత లెక్క ఒకటుందిలెండి. 2018 ఫిబ్రవరిలో జ్ఞ, ఆకారాల మధ్య కంటికి కనపడని ఒక గుర్తు ఇరుక్కున్న అక్షరం మెసేజులో వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో యాప్ కుప్పకూలేది. 11.2.6తో సరిచేశారు.

డబ్బు యాప్‌లు చూస్తే ఈ పరాయి కాపురం గూగుల్ ఇంట్లోనూ ఉంది. ఆండ్రాయిడ్ గూగుల్‌దే, అయినా దేశంలో యూపీఐలో మొదటి స్థానం ఫోన్‌పేది, గూగుల్ పేది రెండో స్థానం. ఖాతా, పిన్నూ బ్యాంకువి కాబట్టి యాప్ మారినా పోయేదేం లేదు, పాత పిన్నే పనిచేస్తుంది. ఐఫోన్‌లో కొత్తగా పెట్టేటప్పుడు చిక్కొచ్చేది నంబరు మీదేనని తేల్చడానికి యాప్ పంపించే ఎస్ఎంఎస్ దగ్గర. రెండు సిమ్ములుంటే మెసేజు తెర మీద ఏ నంబరు నుంచి వెళ్తోందో చూసి, బ్యాంకులో ఉన్న నంబరు ఎంచుకుని పంపాలి. ఆ సిమ్ములో ఎస్ఎంఎస్ పంపే ప్యాకు కూడా బతికుండాలి.

ఇన్ని చేసి కాంటాక్టుల దగ్గర దెబ్బతినేవాళ్లు ఎక్కువ. కొత్త నంబర్లు ఐఫోన్ తనంతట తాను ఐక్లౌడ్‌లో దాస్తుంది. మూడేళ్ల తర్వాత ఆండ్రాయిడ్ కొని జీమెయిల్‌తో లాగిన్ అయితే పాత నంబర్లే వస్తాయి, మధ్యలో ఎక్కించినవి రావు. సెట్టింగ్స్, యాప్స్, కాంటాక్ట్స్, డీఫాల్ట్ అకౌంట్‌లో జీమెయిల్ పెట్టాలి. ఆ జీమెయిల్ ఖాతాకి కాంటాక్ట్స్ మీట ఆన్‌లో ఉంటేనే ఆ పేరు అక్కడ కనిపిస్తుంది. ఇది ఫోను కొన్నరోజే చేయాల్సిన పని, ఎందుకంటే అప్పటిదాకా ఐక్లౌడ్‌లో పడ్డ నంబర్లు వాటంతటవి మారవు.