కరెంటుకూ వాతావరణానికీ మంత్రి ఒకరైతే మేలా, ఇద్దరైతే మేలా?

కళ్యాణదుర్గం దగ్గర మా మేనబావకు నాలుగెకరాల వేరుశనగ, ఒక బోరు ఉన్నాయి. మొన్న వెళ్లినప్పుడు బ్రిటన్‌లో ఇంధనానికీ వాతావరణ మార్పుకూ కలిపి ఒకే మంత్రి ఉంటాడని, మనకు ఢిల్లీలో ఆ పనిని నలుగురు పంచుకున్నారని చెప్పాను. ఆయన స్టార్టరు డబ్బా మూత తీసి, లోపల చేరిన చీమలను గుడ్డతో దులుపుతున్నాడు. తల ఎత్తకుండానే, "ఒకరైతే ఏమి, నలుగురైతే ఏమప్పా? ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎన్నాళ్లకు వస్తుందో అది చెప్పు" అన్నాడు.

ఆ జవాబు లైన్‌మన్ దగ్గర ఉంటుంది. అయితే ఒకప్పుడు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని, పాములకు భయపడుతూ మోటారు వేయడానికి వెళ్లిన ఈయన ఇప్పుడు పట్టపగలు నీళ్లు కడుతున్నాడంటే, అది లైన్‌మన్ తేల్చిన విషయం కాదు. సేద్యానికి పగలే తొమ్మిది గంటలు ఉచితంగా ఇవ్వాలన్నది ప్రభుత్వ నిర్ణయం. అలాగని మంత్రి చేతిలో అన్నీ లేవు. యూనిట్ ధర తేల్చేది విద్యుత్ నియంత్రణ మండలి. దాని కార్యాలయం ఇప్పుడు మన కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా చవకగా ఇవ్వాలనుకుంటే ఆ సబ్సిడీ సొమ్మును ముందే కట్టాలి. మంత్రికి మిగిలేవి విధానం, బేరం, ఒత్తిడి. ఆ మూడూ ఎవరి కోసం వాడతాడన్నదే అసలు సంగతి.

అంతా ఒకరికే అప్పగించిన బ్రిటన్‌ను ముందు చూద్దాం. 2008 అక్టోబరులో అక్కడ ఇంధన, వాతావరణ మార్పుల శాఖ పుట్టింది. తొలి మంత్రి ఎడ్ మిలిబాండ్. 2016లో దాన్ని వాణిజ్య శాఖలో కలిపేశారు. 2023లో కొత్త పేరుతో మళ్లీ విడదీశారు. 2024లో మిలిబాండే తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆ ఏడాది సెప్టెంబరు 30న అక్కడి చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడింది. జర్మనీ కూడా 2021లో ఆర్థిక శాఖకు వాతావరణాన్ని జోడించి, 2025లో పర్యావరణ శాఖకు మార్చేసింది. అంటే వాళ్లకూ ఇది తేలని లెక్కే.

మన నలుగురి సంగతి ముద్దనూరు దగ్గర నిలబడితే బాగా తెలుస్తుంది. అక్కడి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,650 మెగావాట్లు. కడప జిల్లాలో బొగ్గు లేదు, అంతా రైల్లో రావలసిందే. 2024 జూన్ నుంచి ఢిల్లీలో ఆ బొగ్గు కిషన్ రెడ్డి శాఖది, కరెంటు మనోహర్ లాల్ ఖట్టర్‌ది, మిగిలిన బూడిదను ఏం చేయాలన్న నియమం భూపేందర్ యాదవ్‌ది. అక్కడి నుంచి ఓర్వకల్లు వైపు వచ్చి గని, శకునాల గ్రామాల సోలార్ పార్కు చూస్తే, అది ప్రహ్లాద్ జోషి పరిధి. తిరుపతి కొండెక్కడానికి ఎన్ని దారులున్నా దేవుడు ఒక్కడే కదా అని సరిపెట్టుకోవచ్చు గానీ, ఇక్కడ దారికో దేవుడు.

ఈ చీలికలో కరెంటునూ సౌర విద్యుత్తునూ విడదీయడం మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. 2017 నుంచి 2024 దాకా ఆ రెండూ ఆర్.కె. సింగ్ చేతిలోనే ఉండేవి. 2019లో మన రాష్ట్ర ప్రభుత్వం సౌర, పవన విద్యుత్ ఒప్పందాలను తిరగదోడబోతే, వద్దని ఉత్తరాలు రాసింది ఆయనే. రాష్ట్రం ధర ఒక్కటే చూసింది. ఆయన ధరతో పాటు రేపు పెట్టుబడి పెట్టేవాడి నమ్మకమూ చూశాడు. చివరికి 2022 మార్చిలో హైకోర్టు కూడా ఒప్పందం ఒప్పందమే అంది. ఎండ కాసినంత సేపూ కరెంటు పొంగుతుంది, పొద్దు గూకితే చాలదు. పాణ్యం మండలం పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీయడం ఇందుకే. ఎండా, నీళ్లూ, తీగలూ కలిసి నడవాల్సిన చోట రెండు ఫైళ్లు వేర్వేరు గదుల్లో తిరగడం ఎవరికి లాభం?

మరి పర్యావరణాన్ని కూడా ఆ కుర్చీకే కట్టబెడితే? వద్దంటాను. మెగావాట్ల లక్ష్యం నెత్తిన ఉన్న మనిషి ఊరి మేత బీడు గురించి తనను తాను నిలదీసుకుంటాడని నేను నమ్మను. రొళ్లపాడులో బట్టమేక పిట్టకు అభయారణ్యం ఉంది, పిట్టే కరువైంది. రాజస్థాన్, గుజరాత్‌లలో దానికి కరెంటు తీగలు యమపాశాలయ్యాయని 2021లో సుప్రీంకోర్టు తీగలను భూమిలో వేయమంటే, ఆ ఆదేశం మార్చమని వెళ్లిన కేంద్రం వైపు పర్యావరణ శాఖ కూడా నిలిచింది. వేరే కుర్చీ ఉన్నప్పుడే ఇలా ఉంది.

మన రాష్ట్రంలో విద్యుత్తు, సౌరం రెండూ గొట్టిపాటి రవికుమార్ దగ్గర, అడవులు, పర్యావరణం పవన్ కళ్యాణ్ దగ్గర ఉన్నాయి. నా ఓటు ఈ అమరికకే. కాకపోతే ఇందులో ఒక బొక్క ఉంది. సోలార్ పార్కుకు 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అవసరం లేదు. ముద్దనూరు లాంటి కేంద్రం కట్టాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. గని, శకునాలల్లో 1,000 మెగావాట్ల పార్కు దాదాపు 6 వేల ఎకరాలలో పరుచుకుంది, దానికి ఆ మెట్టే లేదు. ప్రశ్న అడగవలసిన మంత్రి బల్ల మీదికి ఫైలే రాదు. మినహాయింపు ఇచ్చింది కేంద్రం కాబట్టి, సవరించవలసిందీ కేంద్రమే.

ఇదంతా చెప్పాక బావ స్టార్టరు మూత బిగించి, "ఆ సోలార్ అద్దాల మీద దుమ్ము పడితే ఏం చేస్తారు?" అన్నాడు.

"కడుగుతారు. చాలాచోట్ల నీళ్లతోనే."

ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి వాన అనుకునే జిల్లా మాది. ఆయన మీట నొక్కాడు. మోటారు ఒక్కసారి మూలిగి అందుకుంది. పైపులోంచి నీళ్లు వచ్చేదాకా ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాం.

"ఆ నీళ్ల లెక్క ఏ మంత్రి రాస్తాడప్పా?" అన్నాడు.