శాలువా లేని సన్మానం: కాంగ్రెషనల్ రికార్డు అభినందనలపై సమీక్ష

అమెరికా కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాలు తమ నియోజకవర్గ ప్రజలకు ఉచితంగా చేసిపెట్టే పనుల్లో పాస్‌పోర్టు ఆలస్యాల వాకబు, ఇమ్మిగ్రేషన్ దరఖాస్తుల ఆరా వంటివి మన వాళ్ళకు బాగా తెలుసు. అదే కార్యాలయానికి ఒక వినతి పంపి, ఏ పదవీ లేని ఒక సాధారణ మనిషి చేసిన సేవను దేశ చట్టసభ రికార్డులో అచ్చు వేయించవచ్చన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. పోయిన సంవత్సరం వరకు నాకూ తెలియదు. మేము కొందరం కలిసి ఒక పెద్దావిడ కోసం ఆ ప్రయత్నం చేసి, ఒక గుర్తింపు పత్రం, కాంగ్రెస్ కొలువుండే కాపిటల్ భవనం మీద ఎగిరిన ఒక జెండా, కాంగ్రెషనల్ రికార్డులో ఒక అభినందన, ఈ మూడూ సంపాదించాము. వీటిలో ఏది ఏ పాటిదో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఇక్కడ రాస్తున్నాను.

మేమందరం టీచరమ్మ అని పిలిచే ఆవిడ పదకొండేళ్ళుగా ప్రతి శనివారం ఉదయం పబ్లిక్ లైబ్రరీలో ఒక చిన్న గది తీసుకుని, పౌరసత్వ పరీక్షకు వెళ్ళబోయే పెద్దవాళ్ళకు పాఠం చెబుతున్నారు. 2008 నాటి పరీక్షలో 100 ప్రశ్నల జాబితా నుంచి అధికారి పది వరకు అడిగేవారు, ఆరింటికి సరైన జవాబు చెబితే గట్టెక్కినట్టే. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారికి జాబితా 128 ప్రశ్నలకు పెరిగింది, ఇరవై అడిగితే పన్నెండు చెప్పాలి. ఆవిడ దగ్గర అట్టముక్కలతో చేసిన కార్డుల పెట్టె ఒకటి ఉంది. కార్డుకు ఒక వైపు ఇంగ్లీషు ప్రశ్న, రెండో వైపు జవాబు, దాని కింద ఆ ఇంగ్లీషును ఎలా పలకాలో తెలుగు లిపిలో ఉంటాయి. జవాబులన్నీ నల్ల ఇంకుతో రాసినవే గాని, మీ ప్రతినిధి పేరు చెప్పమనే కార్డు మీద పేరు మాత్రం పెన్సిల్‌తో ఉంటుంది. ప్రతినిధుల సభకు రెండేళ్ళకొకసారి ఎన్నికలు వస్తాయి కదా, ప్రతిసారీ కొత్త కార్డు ఎవరు చేస్తారమ్మా అంటారావిడ.

మొదట వచ్చింది గుర్తింపు పత్రం. సభ్యుడి వెబ్‌సైటులో ఒక ఫారం నింపి, కార్యక్రమం తేదీ, గౌరవించదలచిన వ్యక్తి పేరు, కారణం నాలుగు వాక్యాల్లో రాస్తే, మూడు వారాల్లో దళసరి కాగితం మీద బంగారు రంగు ముద్రతో, సభ్యుడి సంతకంతో ఇంటికి వచ్చింది. చూడడానికి దివ్యంగా ఉంది, ఫ్రేములో పెడితే గోడకు నిండుగా ఉంటుంది. అయితే అందులో ఆవిడ ఇంటిపేరు తప్ప అసలు పేరు లేదు. మనలో చాలామందికి పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు తారుమారై ఉండడం, ఏదో ఒక గడి ఖాళీగా ఉండడం, ఆ ఖాళీలో 'పేరు తెలియదు' అని అర్థం వచ్చే ఎఫ్.ఎన్.యు. అన్న మూడక్షరాలు జీవితాంతం వెంటపడడం తెలిసిన బాధలే. మేము ఫారంలో పేరును స్పష్టంగానే రాశాము, అక్కడి సిబ్బందికి అది మరీ పొడవుగా అనిపించిందో ఏమో, మొదటి ముక్క ఉంచి మిగిలింది వదిలేశారు. రెండుసార్లు ఫోన్ చేశాక సరిచేసిన ప్రతి పంపారు గాని, అది మేము పెట్టుకున్న సన్మాన సభ అయిపోయిన నాలుగు రోజులకు అందింది. కాబట్టి సభ నడిపిన వ్యాఖ్యాతగారు పత్రాన్ని చేత్తో పట్టుకుని, పేరు దగ్గరికి వచ్చేసరికి చూసి చదవకుండా నోటికి చెప్పవలసి వచ్చింది. తేదీకి కనీసం ఆరు వారాల ముందు వినతి పంపాలని, అచ్చుకు ముందు పేరు ఒకసారి చూపించమని రాతపూర్వకంగా అడగాలని అనుభవం మీద చెబుతున్నాను.

ఈ పత్రానికి అసలు లోపం వేరే ఉంది. మన సభల్లో చదివే సన్మాన పత్రంలాగే ఇదీ ఇచ్చిన కార్యాలయం, పుచ్చుకున్న మనిషి తప్ప మూడో చోట జాడ ఉండని కాగితం. చట్టసభ ముందుకు రాదు, ఏ ప్రభుత్వ ప్రచురణలోనూ అచ్చు కాదు. నెలకు ఇలాంటివి ఎన్ని సంతకమవుతాయో ఊహించుకోవచ్చు. రెస్టారెంటు ప్రారంభోత్సవానికి వచ్చే పత్రానికీ, పదకొండేళ్ళ శనివారాలకు వచ్చే పత్రానికీ కాగితం ఒకటే, ముద్ర ఒకటే.

జెండా సంగతి క్లుప్తంగా చెబుతాను. కాపిటల్ భవనం మీద ఎగరేసిన జెండాలను ప్రజలకు ఇచ్చే పద్ధతి 1937లో మొదలైంది; ఇప్పుడు ఏటా లక్షకు పైగా జెండాలు సభ్యుల కార్యాలయాల ద్వారా వెళుతున్నాయి. జెండా ఖరీదు, తపాలా ఖర్చు మనమే భరించాలి; నైలాన్‌లోనూ నూలులోనూ దొరుకుతుంది. అన్ని జెండాలు రోజంతా ఎగరడం సాధ్యం కాదు కాబట్టి, కప్పు మీద ఇందుకోసమే ఉన్న స్తంభాలకు ఒక్కొక్కటే ఎక్కించి వెంటనే దించి మడతపెడతారు. గుళ్ళో పూజారిగారు అమ్మవారి పాదాలకు తాకించి తిరిగి చేతిలో పెట్టే చీర లాంటిది ఇది. ఎంతసేపు తాకిందని ఎవరూ అడగరు. దానితో పాటు వచ్చే, కాపిటల్ ఆర్కిటెక్ట్ అనే భవన బాధ్యతాధికారి ఇచ్చే ధ్రువపత్రంలో ఏ రోజున, ఎవరి గౌరవార్థం ఎగరేశారో ఉంటుంది. ఆ పేరును మేము అక్షరం అక్షరం విడదీసి పంపాము, సరిగ్గానే వచ్చింది.

ఇక రికార్డు. నిజంగా సమీక్షకు తగింది ఇదే.

1873 మార్చి నుంచి వెలువడుతున్న కాంగ్రెషనల్ రికార్డు, ఉభయ సభల్లో జరిగినదాన్ని ప్రభుత్వ ముద్రణాలయం సమావేశం జరిగిన మర్నాడే అచ్చు వేసే ప్రచురణ. పేజీకి మూడు కాలమ్‌లు, చిన్న అక్షరాలు, ఏ అలంకారమూ ఉండదు. అందులో నాలుగు భాగాలు: ప్రతినిధుల సభ, సెనేట్, ఎక్స్‌టెన్షన్స్ ఆఫ్ రిమార్క్స్, రోజువారీ సారాంశం. పేజీ అంకెకు ముందు వరసగా హెచ్, ఎస్, ఇ, డి అన్న అక్షరాలుంటాయి. ప్రతినిధుల సభ సభ్యులు నోటితో పలకని మాటలను కూడా ప్రచురణకు ఇచ్చుకునే చోటు మూడోదైన ఇ భాగం, అభినందనల్లో అత్యధిక భాగం అక్కడే అచ్చవుతుంది. సెనేట్‌లో ఇదే పనికి 'అడిషనల్ స్టేట్‌మెంట్స్' అన్న శీర్షిక ఉంది. స్వగళంతో చెప్పదలచిన సభ్యుడికి ఒక నిమిషం ప్రసంగాలు ఉన్నాయి గాని, 435 మంది ఉన్న సభలో ఆ నిమిషం దొరకబుచ్చుకోవడం అంత తేలిక కాదు, దొరికినా దాన్ని మన టీచరమ్మ మీద ఖర్చు చేస్తాడన్న భరోసా లేదు.

ఇ భాగంలోని ప్రతి అభినందనా ఒకే మూసలో ఉంటుంది. పైన పెద్దక్షరాల్లో శీర్షిక, దాని కింద సభ్యుడి పేరు, రాష్ట్రం, తేదీ, ఆ తర్వాత 'అధ్యక్షా, ఈ రోజు నేను లేచి నిలబడి గౌరవిస్తున్నాను' అన్న అర్థం వచ్చే మొదటి వాక్యం. సభ్యుడు లేచిందీ లేదు, సభాపతి విన్నదీ లేదు. అది రాతలో నిలబడడం. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది గాని, మన పెళ్ళి శుభలేఖల్లో 'సకుటుంబ సపరివార సమేతంగా' అని, పోస్టులో శుభలేఖ పంపే అతిథికీ అచ్చు వేస్తామని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఈ పద్ధతికి ఇంత వాడకం ఉండడానికి ఒక కారణం ఉంది. ఒకప్పుడు ఫలానా వారాన్ని ఫలానా వారి గౌరవార్థం జరుపుకోవాలని చేసే తీర్మానాలు కాంగ్రెస్ సమయాన్ని బాగా తినేసేవి. 1995లో ప్రతినిధుల సభ తన నిబంధనలు మార్చి, ఒక రోజునో వారాన్నో స్మారకంగా ప్రకటించే బిల్లులను ప్రవేశపెట్టకుండా నిషేధించింది. ఆ దారి మూతపడ్డాక సభ్యుడికి తన నియోజకవర్గంలోని మంచి పనిని సభ ముద్రతో మెచ్చుకోవడానికి ఎవరి ఓటూ అక్కరలేని దారి ఇదే మిగిలింది. కాంగ్రెస్ బంగారు పతకం ఉంది గాని, దానికి చట్టమే చేయాలి, ప్రతి సభలోనూ మూడింట రెండు వంతుల మంది బలపరిస్తే గాని బిల్లు కదలదు. పోస్టాఫీసు భవనానికి పేరు పెట్టడానికీ చట్టమే కావాలి. కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి భారతీయ అమెరికన్ దలీప్ సింగ్ సౌంద్ పేరు కాలిఫోర్నియాలోని టెమెక్యులా పోస్టాఫీసుకు 2005లో అలాగే వచ్చింది. అవి మన అందుబాటులోని సరుకులు కావు.

ఇ భాగానికి మాత్రం సభ్యుడి సంతకం ఉంటే చాలు, మనకు రూకైనా ఖర్చు లేదు. కానీ రాసేది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. కార్యాలయంలో ఈ పని చూసే సిబ్బంది సాధారణంగా చిన్న వయసు వాళ్ళు, మర్యాదస్తులు, ఊపిరి సలపని పనిలో ఉంటారు. మనం రాసి పంపిన దాన్నే సర్ది వాడుకుంటారు. మేము మొదట పంపిన అర పేజీలో 'నిస్వార్థ సేవ', 'స్ఫూర్తిదాయకమైన నాయకత్వం' వంటి మాటలే ఉన్నాయి, వాళ్ళ ముసాయిదాలోనూ అవే తిరిగి వచ్చాయి. ఆ ముసాయిదాలో పేరు మార్చి అగ్నిమాపక దళాధిపతికి వాడుకోవచ్చు, బాస్కెట్‌బాల్ కోచ్‌కూ వాడుకోవచ్చు. అప్పుడు రెండు సాయంత్రాలు కూర్చుని మళ్ళీ రాశాము: ఏ గది, ఏ వేళ, ఎన్నేళ్ళు, కార్డుల పెట్టె, మంచు పడి లైబ్రరీ మూసిన రోజున ఫోన్‌లో చెప్పిన పాఠం, పరీక్ష పాసైన ఒక తాతగారు ప్రమాణ స్వీకారం రోజున తెచ్చిన పూలు. అప్పుడు వచ్చిన రెండో ముసాయిదా మనిషి గురించి రాసినట్టుంది.

ఒక్కటి మాత్రం కోసేశారు: పెన్సిల్ కార్డు. దాన్ని ఎందుకు తీశారని అడిగితే స్థలాభావం అన్నారు. మొత్తం అభినందన ఒక కాలమ్‌లో సగం కూడా లేదు, రెండు పేజీలు మించితేనే ముద్రణ ఖర్చు అంచనా అడిగే ప్రచురణలో స్థలాభావం ఏమిటో నాకు అర్థం కాలేదు. తన పేరు చెరపడానికి వీలుగా రాసి ఉందన్న మాట సభ్యుడికి రుచించలేదేమో. ఆ పక్క కార్డు మీద ప్రతినిధుల సంఖ్య 435 అని ఇంకుతో ఉందని చెప్పినా ఫలితం లేకపోయింది.

ఆలస్యం గురించి కూడా చెప్పాలి. మేము జూలై చివర్లో పంపాము, ఆగస్టు సెలవులు వచ్చి పడ్డాయి. రికార్డు వారపత్రిక కాదు, సభ సాగే తీరును బట్టి వెలువడేది. సెలవుల్లో రెండు నెలలు వేచి ఉండవలసి రావచ్చు, ఎన్నికల సంవత్సరంలో ఇంకా ఎక్కువ. అచ్చయ్యాక వెతుక్కోవడం మాత్రం తేలిక. 1995 నుంచి వచ్చిన దినసంచికలన్నీ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి, పేరుతో వెతికితే దొరుకుతాయి. కావాలంటే దేశంలో వెయ్యికి పైగా ఉన్న, ప్రభుత్వ ప్రచురణలను ప్రజల కోసం ఉంచే ఫెడరల్ డిపాజిటరీ లైబ్రరీలకు వెళ్ళి అడగవచ్చు. ఒక చిక్కు ఉంది: కొన్నేళ్ళ తర్వాత వచ్చే శాశ్వత సంపుటాల్లో పేజీ అంకెలు వేరే వరసలో నడుస్తాయి, ఇ అక్షరం ఉండదు. అందుకని ఫ్రేము కింద పేజీ అంకెతో పాటు సంపుటం అంకె, తేదీ కూడా రాయించుకోవాలి.

రాష్ట్ర శాసనసభలు కూడా ఇలాంటి అభినందన తీర్మానాలు చేస్తాయి. టెక్సస్‌లో ఉన్నవారు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, అక్కడి సభ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల్లో మాత్రమే, 140 రోజులకు మించకుండా జరుగుతాయి. సరిసంఖ్య సంవత్సరంలో సన్మానం పెట్టుకుని తీర్మానం అడిగితే లాభం లేదు. పిల్లల కోసం అడిగేవారికి ఇంకో మాట: 1979లో చట్టంతో ఏర్పడిన కాంగ్రెషనల్ అవార్డు దీనికి సంబంధం లేనిది. దాని బంగారు పతకానికి 400 గంటల స్వచ్ఛంద సేవ లెక్క చూపాలి. సభ్యుడి మెచ్చుకోలు కాగితాన్ని కాలేజీ దరఖాస్తులో ఆ పేరుతో రాయకూడదు.

సభ్యుడి పార్టీ మనకు నచ్చకపోతే అడగవచ్చా అని మాలో ఒకాయన గట్టిగానే వాదించారు. కార్యాలయం వాళ్ళు ఏ దశలోనూ మేము ఎవరికి ఓటేశామని గాని, చందా ఇచ్చామా అని గాని అడగలేదు. అడగకూడదు కూడా, అధికారిక వనరులను ఎన్నికల ప్రచారానికి వాడడం సభా నియమాలకు విరుద్ధం. ఆయన చివరికి మా వినతి సంతకాల కాగితం మీద సంతకం చేశారు, ఫొటోలో మాత్రం నిలబడలేదు.

పేజీని అచ్చు తీసి ఒక శనివారం టీచరమ్మకు ఇచ్చాము. కళ్ళజోడు పైకి నెట్టుకుని, అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను తీసి, మధ్య కాలమ్‌లోని అభినందనను మొదటి నుంచి చివరి దాకా నిదానంగా చదివారు. పేరులో తప్పు లేదు. నాలుగో వాక్యంలో ఒక కామా ఎక్కువైందని సున్నా చుట్టారు. తర్వాత ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కార్డుల పెట్టెలో అడుగున దాచి, ఎదురుగా కూర్చున్న పెద్దాయనను ప్రతినిధి పేరేమిటో చెప్పమన్నారు. ఆయన తడుముకుంటే కార్డు తిప్పి పెన్సిల్ రాతను చూపించారు.