అల్యూమినియం కోతకు జిగ్‌సా: మూడున్నరేళ్లు వాడాక

సముద్రపు గాలి ఇనుమును ఎలా తినేస్తుందో విశాఖలో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. మా పాత జీపు ఫ్లోరుకు రెండోసారి చిల్లులు పడ్డాక, ఇక ఇనప రేకు వద్దు, 3 మి.మీ. అల్యూమినియం చెకర్ ప్లేట్ (కాలు జారకుండా పైన ఉబ్బెత్తు గీతలుండే రేకు) వేద్దామని నేనూ తమ్ముడూ అనుకున్నాం. ప్లేట్ ఆటోనగర్‌లో దొరికింది. అసలు తంటా కొయ్యడం దగ్గర మొదలైంది.

ఇంట్లో ఉన్నది నాలుగంగుళాల గ్రైండర్. ఇనుముకు వాడే కటింగ్ రాయి బిగించి మొదలెట్టాను. అరడుగు కోసేసరికి పొగ, వాసన. రాయి అంచు చూస్తే వెండిపూత పూసినట్టు మెరుస్తోంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడి రాయిలోని సందుల్లో దూరి కూర్చుంటుంది. ఇక అది కొయ్యదు, రుద్దుతుంది. ఇంకా నొక్కితే రాయే పగలొచ్చు. పక్క షెడ్డు పెద్దాయన చూసి, "అల్యూమినియానికి రాయెట్టేసినావేటి బాబూ, దానికి పన్ను కావాల" అన్నారు. ప్రభుత్వానికి కట్టే పన్ను కాదు, బ్లేడుకుండే పన్ను.

అలా జిగ్‌సా కొన్నాను, సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే కరెంటు రంపం అది. ఆ వారమే కెనడాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. అక్కడ మంచు మీద నడిపే తన బండి, స్నోమొబైల్, వెనక భాగాన్ని కోసి పొట్టి చేస్తున్నాడట. ఆ బండిని నడిపే ట్రాక్ (వెనక తిరిగే రబ్బరు బెల్టు) పైన కప్పులా ఉండే టన్నెల్ అల్యూమినియం రేకే. "నీది ఉత్త ప్లేట్ రా తమ్ముడూ. నాకు రేకు అడుగునే కూలెంట్ తిరిగే కూలర్ ఉంది, బ్లేడు తగిలిందా అంతే" అన్నాడు. ఆ టెన్షన్ నాకు లేనందుకు సంతోషించాను.

మెషిన్ కంటే బ్లేడే ముఖ్యమని తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మొదట షాపువాడు ఇచ్చిన సన్నపళ్ల బ్లేడుతో కోశాను. పళ్ల మధ్య రజను ఇరుక్కుని నాలుగు నిమిషాలకోసారి ఆగాల్సి వచ్చేది. తర్వాత బాష్ టి 127 డి తెచ్చాను. పన్నుకీ పన్నుకీ 3 మి.మీ. దూరం, రజను బయటికి రాలిపోతుంది. 3 నుంచి 15 మి.మీ. మందానికి చేసిన బ్లేడు అది. అంతకంటే పల్చటి రేకుకు వాడితే పళ్లు తగులుకుని రేకు ఎగురుతుంది, దానికి టి 118 ఏ లాంటి సన్నపళ్లదే సరి, రేకు కింద ప్లైవుడ్ ముక్క పెట్టాలి. ఏ బ్లేడైనా మధ్యమధ్యలో కొవ్వొత్తి రుద్దండి. ఆ పది రూపాయల కొవ్వొత్తితో నా బ్లేళ్ల జీవితం రెట్టింపయింది.

స్పీడు మధ్యలో, ఊగే సెట్టింగ్ (బ్లేడును ముందుకూ వెనక్కూ ఊపేది) సున్నాలో పెట్టి, మెషిన్ అడుగున మాస్కింగ్ టేప్ అంటించి కోస్తాను, ప్లేట్‌కు గీతలు పడవు. అయినా గీత పట్టుకుని నేరుగా రావడం జిగ్‌సాకు చేతకాదు. యాంగిల్ ముక్కను సీ క్లాంపులతో బిగించి దాని వెంట నడపాల్సిందే. రెండేళ్లకు స్పీడు డయల్ పోయింది, రిపేరుకు మూడు వారాలు తిప్పారు. కంపెనీ పేరు చెప్పను కానీ ఆ కోపం ఇంకా ఉంది.

పొడుగాటి నేరు కోతలకు స్నేహితుడి సర్క్యులర్ రంపం, అల్యూమినియానికని చేసిన కార్బైడ్ బ్లేడుతో రెండుసార్లు వాడాను. అంచు వెన్నలా వచ్చింది. కానీ వేడి రజను ముఖం మీదకు వర్షంలా పడుతుంది, ముఖానికి షీల్డు లేకుండా దాని జోలికి వెళ్లొద్దు. ఇక కొందరు చెక్క కోసే పళ్ల బ్లేడును గ్రైండర్‌కు బిగిస్తారు. వేళ్ల మీద ఆశ లేనివాళ్ల పని అది.

అంచులు నున్నగా చెయ్యడానికి ఆకురాయి చాలు. ముందు దానికి సుద్దముక్క రుద్దితే అల్యూమినియం అంటుకోదు. ఇనుము రుద్దిన ఫ్లాప్ డిస్కును (గ్రైండర్‌కు బిగించే గరుకు కాగితం రెక్కల చక్రం) మాత్రం దీనికి వాడకండి, ఇనప రజను అల్యూమినియంలో దిగి మన ఉప్పుగాలికి తుప్పు మచ్చలు పడతాయి.

ఫ్లోరు ఇప్పటికీ గట్టిగానే ఉంది. డ్రైవర్ సీటు కింద ఒక్క బోల్టు చుట్టూ మాత్రం తెల్లటి పొడి పొంగి గుంట పడుతోంది. ఇనప బోల్టుకీ ప్లేట్‌కీ మధ్య తొందరలో నైలాన్ వాషర్ వెయ్యడం మర్చిపోయిన చోటు అదే.