ఇంగోల్‌స్టాట్ సైనిక మ్యూజియం: తోలు టోపీ నుంచి ఉక్కు హెల్మెట్ దాకా

మ్యూనిక్ వెళ్ళినప్పుడు ఒక రోజు మిగిలితే ఇంగోల్‌స్టాట్ వెళ్ళి రండి. రీజనల్ రైల్లో సుమారు గంట ప్రయాణం. ఆడి కార్ల ఊరుగానే మనవాళ్ళకి తెలుసు కానీ, ఒకప్పుడు విడి రాజ్యంగా ఉన్న దక్షిణ జర్మనీ ప్రాంతం బవేరియా సైనిక మ్యూజియం కూడా ఇక్కడే ఉంది. రెండో లుడ్విగ్ రాజు 1879లో మ్యూనిక్‌లో పెట్టించిన ఈ మ్యూజియం 1972లో ఇక్కడి కోటలోకి మారింది.

స్టేషన్ నుంచి వస్తుంటే డాన్యూబ్ నదికి ఇవతలే రెడ్యూయిట్ టిల్లీ అనే పాత కోట కట్టడం వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం విభాగం అందులోనే. టైం తక్కువుంటే ఇదొక్కటి చూసినా చాలు.

ములికి టోపీ, అదే పికెల్‌హౌబె, అప్పటి మరో జర్మన్ రాజ్యం ప్రష్యా సైన్యంలోకి 1842లో వచ్చింది. నిగనిగలాడే గట్టి తోలు, ముందు ఇత్తడి చిహ్నం, నడినెత్తిన ములికి. ఫిరంగి దళానికైతే ములికి బదులు గుండ్రటి బంతి. బవేరియా మాత్రం నెత్తిన గొంగళిపురుగులా నల్లటి కుచ్చున్న తన హెల్మెట్‌ని చాలాకాలం వదల్లేదు. లుడ్విగ్ చనిపోయిన 1886లోనే అక్కడా ములికి వచ్చింది. ఎంత అందంగా ఉన్నా ఆ తోలు ఫిరంగి గుళ్ళ పెంకులకి ఆగలేదు. 1916లో, ఫ్రాన్స్‌లోని వెర్డన్ పోరు నాటికి, ఉక్కు హెల్మెట్ దిగింది. దాని రెండు పక్కలా ఉన్న బుడిపెలని దగ్గరగా చూడండి. గాలి ఆడేది వాటిలోంచే, నుదుటికి అదనపు ఉక్కు పలక తగిలించేదీ వాటికే.

పతకాల్లో అందరూ వెతికేది ఐరన్ క్రాస్. 1813లో పుట్టింది: నడుమ ఇనుము, చుట్టూ వెండి అంచు. మొదటి ప్రపంచ యుద్ధంలో రెండో తరగతివే సుమారు 50 లక్షలు ఇచ్చారు. నన్ను కదలనివ్వనిది మాత్రం 1918లో మొదలైన గాయపు బిళ్ళ. ఒకటి రెండు గాయాలకి నలుపు, మూడు నాలుగింటికి వెండి రంగు, ఐదూ ఆపైన బంగారు రంగు. మనిషి ఒంటి మీద దెబ్బల్ని అలా లెక్కగట్టి రంగులు పంచారంటే గుండె బరువెక్కింది.

డ్రెస్డెన్‌లోని సైనిక చరిత్ర మ్యూజియం కూడా చూశాను. ఆర్కిటెక్ట్ డేనియల్ లిబెస్కిండ్ పాత ఆయుధాగారాన్ని చీలుస్తూ కట్టిన లోహపు త్రికోణంతో అది 2011లో తెరుచుకుంది. యుద్ధం మనుషుల్ని ఏం చేస్తుందో ఆలోచింపజేయడంలో దానికి సాటి లేదు. టోపీలు, పతకాలు కాలక్రమంలో తీరిగ్గా చూడాలంటే నా ఓటు ఇంగోల్‌స్టాట్‌కే.

బస విషయానికొస్తే, ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళ వల్ల ఇక్కడ వారం మధ్యలో హోటళ్ళు ఖరీదు. నేను దిగిన చోట గది శుభ్రంగానే ఉంది, టిఫిన్‌కి శాకాహారులకి బ్రెడ్డు, చీజ్ తప్ప ఏమీ లేదు. మ్యూనిక్‌లోనే ఉండి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోవడం నయం. ఇంగోల్‌స్టాట్ మ్యూజియానికి సోమవారం సెలవు, డ్రెస్డెన్‌కి బుధవారం.